ఆత్మకథ అచ్చయ్యాక: పాఠకుల అభిప్రాయాలను అందుకునే పద్ధతి

నవలలో కథానాయకుడు పిరికివాడని పాఠకుడు అంటే, పాత్రను తాను అనుకున్నట్టే మలచగలిగానని రచయిత లోలోపల సంతోషించవచ్చు. అదే మాట జ్ఞాపకాల పుస్తకంలోని ‘నేను’ గురించి అంటే ఆ పూట ముద్ద దిగదు. పాఠకుడు చదివింది రెండు వందల పేజీల పుస్తకాన్నే అయినా, రచయిత చెవికి మాత్రం తన అరవయ్యేళ్ల బతుకు మీద ఎవరో తీర్పు చెప్పినట్టు వినిపిస్తుంది. తమ జీవితాన్ని పుస్తకంగా వేసుకుని, ఆవిష్కరణ సభ కూడా ముగించుకుని, ఇప్పుడు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. అచ్చులోకి వెళ్లిన ‘నేను’ ఇక పాఠకుల సొత్తని ఒప్పుకుని, ఆ పేజీల్లోకి రాని మనిషిని మాత్రమే తనదిగా ఉంచుకోగలిగిన రచయితకు ఏ సమీక్షా భరించలేనిది కాదని నా నమ్మకం. అయితే ఆ ఒప్పుకోలు ఒక్కరోజులో రాదు. దానికి కొన్ని అలవాట్లు కావాలి.

అభిప్రాయం ముందుగా ఫోనులోనే వస్తుంది

తెలుగులో స్వీయచరిత్రలను చాలామంది సొంత ఖర్చుతోనే వేసుకుంటారు. మూడు వందలో, ఐదు వందలో ప్రతులు అచ్చు వేయించి, లోపలి పేజీలో వెల, ముద్రణాలయం పేరు, ‘ప్రతులకు’ అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామా, సెల్ నంబరు ఇవ్వడం మన ఆనవాయితీ. అందువల్ల పాఠకుడికీ రచయితకూ నడుమ ఇంకెవరూ ఉండరు. చదవడం పూర్తిచేసిన మనిషి వెనక్కి తిప్పి, ఆ నంబరు చూసి, నేరుగా ఫోను చేస్తాడు. అది రాత్రి తొమ్మిదిన్నర కావచ్చు, ఉదయం ఆరు గంటలు కావచ్చు. ఉద్యోగాల నుంచి విరమించినవారు తెల్లవారుజామున లేచి చదువుతారు కాబట్టి ఆరు గంటల ఫోన్లకే ఎక్కువగా సిద్ధపడి ఉండడం మంచిది.

రాతలో వచ్చిన విమర్శ గురించి ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఫోనులో వచ్చినదానికి ఉండదు. అందుకని పుస్తకం అచ్చుకు పంపక ముందే దీనికోసం వేరే సిమ్ తీసుకోండి, ఆ ఫోను పక్కనే ఒక నోటుపుస్తకం ఉంచండి. ఫోను వచ్చినప్పుడు మీరు చేయవలసినవి వినడం, పేజీ సంఖ్య అడగడం, విన్నదాన్ని వారి మాటల్లోనే రాసుకోవడం. వీటిలో పేజీ సంఖ్య అడగడమే అన్నిటికంటే పనికొస్తుంది. “అక్కడక్కడా గొప్పలు చెప్పుకున్నట్టు ఉందండీ” అని ఒకరు అన్నారనుకోండి. “ఏ పేజీలో అలా అనిపించిందండీ? గుర్తు పెట్టుకుంటాను” అని మీరు అడగగానే, ఆ మాట మీ స్వభావం మీద నుంచి దిగి పుస్తకంలోని ఒక పేరా మీద నిలబడుతుంది. అవతలివారు చాలాసార్లు పుస్తకం తెరిచి వెతికి చెబుతారు. చెప్పలేకపోతే, అది పుస్తకం చదివి పుట్టిన మాట కాదని ఇద్దరికీ తెలిసిపోతుంది. అంతేగాని “నా ఉద్దేశం అది కాదండీ” అని మొదలుపెట్టకండి. ఆ వాక్యం నోట్లోంచి వచ్చిందంటే, పుస్తకంలో లేని అధ్యాయాన్ని అరగంట పాటు ఫోనులో చెప్పబోతున్నారన్నమాట.

పత్రికల సంగతి వేరు. సమీక్షకు రెండు ప్రతులు పంపమని అడగడం మామూలే. పంపిన తరువాత కొన్ని నెలల దాకా ఏమీ రాకపోవచ్చు; వస్తే స్వీకారం శీర్షిక కింద పేరు, పేజీలు, వెల, చిరునామా మాత్రమే రావచ్చు. స్థలం దొరికి నాలుగు పేరాల సమీక్ష వచ్చినా, అందులో సగం ముందుమాటలోని వాక్యాలే అటూ ఇటూ మారి కనిపిస్తాయి. దీనికి బాధపడి సంపాదకుడికి ఉత్తరం రాయనవసరం లేదు. ముందుమాట ఎవరి చేత రాయించుకోవాలో ఎంచుకునేటప్పుడే, మీ పుస్తకం మీద రాబోయే సమీక్షల్లో సగం ఆయనే రాస్తున్నారని గుర్తుంచుకుంటే చాలు. ఇక ఆన్‌లైన్ అమ్మకాల చోట కనబడే నక్షత్రాల విషయానికి వస్తే, అట్ట నలిగి వచ్చిందని, పార్సెలు ఆలస్యమైందని ఒక్క నక్షత్రం వేసేవారు ఉంటారు. వాటిని రోజూ తెరిచి చూడకండి. నెలకొకసారి ఇంట్లో ఎవరినైనా చూసి చెప్పమనండి.

ఏమీ రాకపోవడం

విమర్శ కంటే మౌనం ఎక్కువ నొప్పి పెడుతుంది. సభలో ఉచితంగా ఇచ్చిన ప్రతుల్లో ఎన్ని తెరిచారో ఎవరూ చెప్పలేరు. “పుస్తకం అందిందండీ, తీరిగ్గా చదివి చెబుతాను” అన్నవారు ఆ తరువాత పెళ్లిళ్లలో మీకు ఎదురుపడకుండా తప్పుకు తిరుగుతారు. చదివారా అని అడగడం వల్ల మీకు సమీక్ష రాదు, వారికి అపరాధ భావన మాత్రం వస్తుంది, కనుక అడగకండి. చదవనివారిని క్షమించడం రచయిత నేర్చుకోవలసిన మొదటి మర్యాదని నేననుకుంటాను.

మౌనాల్లో ఒకటి మాత్రం వేరుగా గమనించదగ్గది. పుస్తకంలో ఎవరి ప్రస్తావన ఉన్నదో వారు చదివి కూడా ఏమీ అనకుండా ఉన్నారంటే, వారు ఏదో అనడానికి మాటలు వెతుక్కుంటున్నారని అర్థం. ఆ సంగతి కాస్త తరువాత చెబుతాను.

వచ్చిన మాటను విడదీయడం

వారానికొకసారి ఆ నోటుపుస్తకం ముందేసుకుని కూర్చోండి. విన్న రోజే తూకం వేయబోతే మనసు కుదరదు. ప్రతి వాక్యాన్నీ చూసి, ఇది పుస్తకం గురించా, నా గురించా, మాట్లాడిన పాఠకుడి గురించా అని అడగండి. స్వీయచరిత్రకు వచ్చే స్పందనల్లో మూడో రకమే అధికం. “మీ అమ్మగారి గురించి చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చిందండీ” అని మొదలుపెట్టి, తన తల్లి పోయిన రోజు దాకా వెళ్లి, గొంతు పూడుకుపోయి ఫోను పెట్టేసే మనిషి మీ పుస్తకాన్ని మెచ్చుకోలేదు, విమర్శించనూ లేదు. మీ అధ్యాయాన్ని ఆనుకుని తనది ఒకటి చెప్పుకున్నాడు. దీన్ని ప్రశంసల ఖాతాలో వేసుకుని పొంగిపోతే, రేపు అదే అధ్యాయం చదివి “మరీ సాగదీశారు” అన్నవారి మాటకు అంతే కుంగిపోవలసి వస్తుంది. విని, ఆయన తల్లి పేరు అడిగి తెలుసుకోండి. అంతకు మించి రచయితగా మీరు చేయవలసింది లేదు.

పుస్తకం గురించిన మాటల్లో మళ్లీ తేలికవీ, కష్టమైనవీ ఉన్నాయి. అచ్చుతప్పులు, తేదీలు, వావివరసలు, ఊళ్ల మధ్య దూరాలు తేలికవి. దివిసీమ ఉప్పెన నాటి రాత్రిని ఒకరు తమ పుస్తకంలో ఆదివారమని రాశారనుకుందాం. నాగాయలంక వైపు నుంచి ఎవరో తప్పకుండా ఫోను చేస్తారు: అది శనివారమని, 1977 నవంబరు 19 అని, తమ ఇంట్లో ఆ తేదీకి ఏటా ముగ్గురికి తద్దినాలు పెడతారని చెబుతారు. ఇక్కడ వాదనకు తావులేదు. క్యాలెండరు చూసి, దిద్దుకుని, చెప్పినవారికి దిద్దుకున్నానని కబురు చేయాలి. ఆ రాత్రి మా నాన్న గుమ్మంలో నిలబడి ఫలానా మాట అన్నాడు అన్న వాక్యం మాత్రం క్యాలెండరుకు అందేది కాదు. దాన్ని మరొకరు వేరేగా గుర్తుపెట్టుకుని ఉంటే, మీ వాక్యాన్ని కొట్టివేయకుండా, తరువాతి ముద్రణలో ‘మా చెల్లెలికి ఇది మరో విధంగా గుర్తుంది’ అని ఒక చిన్న వాక్యం చేర్చండి. తేదీల విషయంలో పట్టుదలకు పోయేవారిని, జ్ఞాపకాల విషయంలో తొందరపడి లొంగిపోయేవారిని ఎక్కువగా చూస్తుంటాం. అక్కరగా ఉన్నది దీనికి సరిగ్గా తలకిందుల పద్ధతి.

పుస్తకంలో లేనిదాని గురించి వచ్చే ప్రశ్న

అన్నిటికంటే కష్టమైనదీ, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనదీ ఈ రకం. నాకు తెలిసిన ఒక రచయిత గోదావరి జిల్లాలోని తమ వ్యవసాయ కుటుంబం గురించి రాశారు. నాట్లు, కుప్పనూర్పిళ్లు, కాలవ గట్టు, పెరట్లో ఉన్న పనస చెట్టు, అన్నీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయని పేరొచ్చింది. ఒకనాటి సాయంత్రం ఒక పెద్దాయన ఫోను చేసి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యానని చెప్పి, ఎంతో మర్యాదగా ఇలా అన్నారు: “పుస్తకం బాగుందండీ. మీ ఇంటి ఎడ్ల పేర్లు రెండూ రాశారు. వాటిని తోలిన పాలేరు పేరు మాత్రం ఎక్కడా కనబడలేదండీ.”

ఆ మాటకు ముందు రచయితకు కోపమే వచ్చింది. పాలేరును తానెక్కడా కించపరచలేదని, పైగా అతని కష్టం గురించి ఒక పేరా మొత్తం రాశానని చెప్పబోయి, ఎందుకో ఆగి, “నిజమేనండీ, పేరు రాయలేదు” అన్నారు. తరువాత అక్కగారికి ఫోను చేసి అడిగితే ఆమెకు ‘పెద్దోడు’ అన్న పిలుపు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. ఇరవై ఏళ్లు ఆ ఇంటి గొడ్లను చూసిన మనిషి అసలు పేరు, ఊళ్లో ఉన్న ఆయన మనవడిని అడిగితే గాని తెలియలేదు. ఆ ఒక్క ప్రశ్న ఆయన చేత పుస్తకంలోని రెండు అధ్యాయాలను తిరగరాయించింది. ఇరవై పొగడ్తల సమీక్షలు ఆ పని చేయలేకపోయాయి.

ఇలాంటి ప్రశ్నలు మన స్వీయచరిత్రలకు తరచుగా ఎదురవుతాయి, ఎదురవడం న్యాయం కూడా. మీ కులం మీకు ఇచ్చిన వెసులుబాటు గురించి ఒక్క మాటయినా లేదేమని అడగవచ్చు. మీ ఇంటి ఆడవాళ్లు కాఫీ గ్లాసులు పట్టుకుని తప్ప పుస్తకంలోకి రాలేదేమని అడగవచ్చు. “నా పుస్తకం వాటి గురించి కాదు” అన్న జవాబు నోటి చివర సిద్ధంగా ఉంటుంది. దాన్ని అక్కడే ఆపండి. నోటుపుస్తకంలో ఆ ప్రశ్న ఎదురుగా నిజాయతీగా ఒక మాట రాసుకోండి: మరిచిపోయానా, దాచానా, రాయదగ్గదని తోచనే లేదా? మరిచిపోతే చేర్చవచ్చు. దాచి ఉంటే, దాచడానికి మీకున్న కారణం ఇప్పటికీ నిలుస్తుందేమో చూసుకోవచ్చు. ఇంకొకరి పరువు కోసం దాచినవి అలాగే ఉండనివ్వడంలో తప్పు లేదు. తోచనే లేదన్న జవాబు వచ్చినచోట మాత్రం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకు తోచలేదన్నదానికి దొరికే సమాధానమే మీ తరువాతి పుస్తకానికి ముడిసరుకు.

గాంధీజీ ఆత్మకథ 1925 నుంచి 1929 వరకు ‘నవజీవన్’ వారపత్రికలో విడతలు విడతలుగా వచ్చింది కాబట్టి, ముందు అధ్యాయాల మీద పాఠకుల మాటలు వింటూనే ఆయన తరువాతి అధ్యాయాలు రాయవలసి వచ్చింది. నాలుగో భాగంలో ఒకచోట ఆయన ఈ సంగతే ఎత్తుకుని, గుర్తున్నదంతా తాను రాయడం లేదని, సత్యం కోసం ఎంత చెప్పాలో ఎంత వదలాలో ఎవరు తేల్చగలరని అంటారు. రాసిన అధ్యాయాల మీద ఎవరైనా తనను అడ్డు ప్రశ్నలు వేసి విచారిస్తే వాటి మీద ఇంకెంతో వెలుగు పడుతుందని, ఆ విచారించేవాడు గిట్టనివాడైతే గాంధీ డాంబికాన్ని బయటపెట్టానని మురిసిపోవచ్చని కూడా ఒప్పుకుంటారు. అంతటి మనిషి ముందుగానే ఒప్పుకున్నదాన్ని మనం ఫోనులో ఒప్పుకోవడానికి నామోషీ పడనక్కరలేదు.

ఇంటివారు, ఊరివారు

బయటి పాఠకుడికి మీ నాన్నగారు ఒక పాత్ర. మీ తమ్ముడికి ఆయన నాన్న. “నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదన్నయ్యా, నువ్వు ఇద్దరినీ అని రాశావు” అని తమ్ముడు అంటే అది సమీక్ష కాదు, కుటుంబ వ్యవహారం. దీనికి వాట్సాప్‌లో జవాబివ్వడం, అందులోనూ బంధువులందరూ ఉన్న గ్రూపులో ఇవ్వడం, ఏ పరిస్థితిలోనూ మంచిది కాదు. వెళ్లి కలవండి. పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్లకండి. పేజీ తెరిచి చూపిస్తూ మాట్లాడితే కోర్టులో సాక్ష్యం చెప్పించినట్టు ఉంటుంది. ముందుగా వారికి ఆ సంఘటన ఎలా గుర్తుందో పూర్తిగా చెప్పనివ్వండి. చాలాసార్లు వారి అభ్యంతరం సంఘటన మీద ఉండదు. తమకు చెప్పకుండా, ముందుగా చూపించకుండా అచ్చు వేశారన్నదాని మీద ఉంటుంది. దానికి చెప్పవలసిన మాట ఒక్కటే, అది అందరికీ తెలిసిందే.

ఆ తరువాత కూడా మీ వాక్యం నిజమని మీకు గట్టిగా అనిపిస్తే దాన్ని ఉంచే హక్కు మీకుంది, పేరు తీసేసే వెసులుబాటు కూడా ఉంది. తనను చాటుగా మాంసాహారానికి అలవాటు చేసిన చిన్ననాటి స్నేహితుడి గురించి గాంధీజీ అధ్యాయాలే రాశారు గాని పేరు మాత్రం రాయలేదు. దాని వల్ల కథకు వచ్చిన లోటేమీ లేదు.

స్వభావం మీద పడిన మాట

“ఈ పుస్తకం చదివితే రచయిత ఎంత స్వార్థపరుడో అర్థమవుతుంది” అని ఎవరో ఫేస్‌బుక్‌లో రాశారనుకోండి. చుట్టూ ఉన్న శ్రేయోభిలాషులు ముందు చెప్పే సలహా, పరువునష్టం దావా వేయమని. ఆ సలహా వినే ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మంచిది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 499వ సెక్షన్‌కు ఉన్న మినహాయింపుల్లో ఆరవది సరిగ్గా మన గురించే. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కింద కూడా అది కొనసాగుతోంది. రచయిత ప్రజల తీర్పుకు పెట్టిన రచన గుణదోషాల మీద, ఆ రచనలో కనబడినంత మేరకు రచయిత స్వభావం మీద కూడా, సద్బుద్ధితో అభిప్రాయం చెప్పడం పరువునష్టం కాదని దాని సారాంశం. చట్టమే ఇచ్చిన ఉదాహరణల ప్రకారం, ఫలానా వారి పుస్తకం తెలివితక్కువగా ఉంది కాబట్టి ఆయన బలహీనుడై ఉండాలి అని సద్బుద్ధితో అనవచ్చు. ఆయన బలహీనుడూ వ్యసనపరుడూ కాబట్టి పుస్తకం ఇలా ఉండడంలో ఆశ్చర్యం లేదు అనడానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

ఈ తేడాను ఆత్మకథకులు బల్ల మీద రాసి పెట్టుకోవచ్చు. పుస్తకంలోంచి మనిషిని అంచనా కట్టడం పాఠకుడి హక్కు, ఎందుకంటే ఆ మనిషిని అచ్చు వేసి అమ్మినది మీరే. పుస్తకంలో లేని సంగతులు తెచ్చి మిమ్మల్ని దూషిస్తే అది హద్దు దాటడం. అప్పుడు కూడా సొంతంగా జవాబు రాయకుండా, ఆ పోస్టును తేదీతో సహా భద్రపరిచి, వకీలును కలవండి. అలాగే మీ పుస్తకం మీద మీకే ఎవరైనా నోటీసు పంపితే, ఎంత దగ్గరి బంధువయినా సరే, వకీలుకు చూపించే దాకా ఫోనులో ఒక్క మాట కూడా వివరణగా చెప్పకండి.

మీ పుస్తకం నుంచి వాక్యాలు ఎత్తి చూపి ఏకిపారేశారన్నది కూడా ఫిర్యాదుకు కారణం కాదు. సమీక్ష కోసం, విమర్శ కోసం అవసరమైనంత ఉటంకించుకోవడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది.

జవాబు, రెండో ముద్రణ

మెచ్చుకున్నవారికీ, తిట్టినవారికీ జవాబు ఒకే పొడవు ఉండాలన్నది నేను పాటించే నియమం. “నమస్కారమండీ. సమయం వెచ్చించి చదివి, అభిప్రాయం రాసినందుకు కృతజ్ఞతలు. 84వ పేజీ గురించి మీరన్నది రాసుకున్నాను” అని రాస్తే చాలు. రాత్రి పూట రాయకండి. పత్రికలో వచ్చిన సమీక్షకు ప్రతిస్పందన రాయదలిస్తే, వాస్తవం తప్పుగా పడినప్పుడు మాత్రమే, ఆ వాస్తవం వరకే రాయండి. సమీక్షకుడి అభిరుచి మీద ఉత్తరం రాసి గెలిచిన రచయితను నేనింతవరకు చూడలేదు.

పొగడ్తను కూడా నోటుపుస్తకంలో పేజీ సంఖ్యతోనే రాసుకోవాలి. “అద్భుతం”, “కన్నీళ్లు ఆగలేదు” అన్న మాటలు మనసుకు హాయిగా ఉంటాయి గాని మరుసటి ముద్రణకు పనికిరావు. ఫలానా పేజీలో రేషను దుకాణం క్యూ గురించి రాసింది తన కూతురికి చదివి వినిపించానని ఒకరు అంటే, ఆ పేరాలో మీకు తెలియకుండా ఏదో కుదిరిందని తెలుస్తుంది. వెళ్లి దాన్ని మళ్లీ చదవండి.

ప్రతులు అయిపోయి రెండో ముద్రణకు వెళ్లేటప్పుడు, పాఠకుల ఉత్తరాల్లోంచి కొన్ని చివరి పేజీల్లో వేయడం మనవాళ్లకు ఇష్టమైన పని. వేయండి గాని, విమర్శించిన ఉత్తరం ఒకటైనా వాటిలో ఉండాలి, ఏదీ మధ్యలో కత్తిరించి అర్థం మార్చేట్టు ఉండకూడదు. పైగా ఉత్తరం మీ చేతికి వచ్చినంత మాత్రాన దాని మీది కాపీరైట్ మీకు రాదు, అది రాసినవారిదే. వాట్సాప్ సందేశానికీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి వేయదలచిన భాగాన్ని ఉన్నదున్నట్టు తిరిగి పంపి, “దీన్ని మీ పేరుతో వేయవచ్చా, ఊరి పేరుతో మాత్రమే వేయమంటారా?” అని అడగండి. వారి నుంచి రాతపూర్వకంగా సరేనన్న జవాబు వస్తే అచ్చుకు పంపండి. రాకపోతే ఆ ఉత్తరాన్ని మీ బీరువాలోనే ఉంచండి.